మద్దెల నిజంగానే ఓడైతే? – హోవర్డ్ హెడ్ కథ

ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా. మా ఇంట్లో అమ్మ ఈ సామెత వాడితే, నాన్న తమిళంలో ఇలాంటిదే ఇంకొకటి అందుకుంటారు. అందులో ఆడలేనామె మద్దెలకి బదులు కూడం వంకరగా ఉందంటుంది. రెండు భాషల్లోనూ తప్పు ఆడేవాళ్లదే. కానీ మద్దెల నిజంగానే ఓడైతే? ఆ మాటన్న ఒక మనిషి కథ ఇది. ఆయన పేరు హోవర్డ్ హెడ్. టెన్నిస్ ఆడేవాళ్లకి బ్యాట్ మీద హెడ్ అన్న పేరు తెలిసే ఉంటుంది. ఆ పేరు ఈయనదే.

హెడ్ 1914లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు. రచయిత కావాలన్న ఆశతో హార్వర్డ్‌లో చేరి, సాహిత్యం కుదరక ఇంజనీరింగ్ వైపు మారి, 1936లో డిగ్రీ పుచ్చుకున్నాడు. అయినా రాత మీద మోజు పోలేదు. రాసే ఉద్యోగాల్లోనే చేరాడు, ఒకదాని తర్వాత ఒకటి పోగొట్టుకున్నాడు. చివరికి ఒక సామర్థ్య పరీక్ష రాస్తే, వస్తువుల నిర్మాణాన్ని మనసులో ఊహించుకోవడంలో ఆయన దిట్ట అని తేలింది. అప్పుడు బాల్టిమోర్‌లో మార్టిన్ విమానాల కంపెనీలో రివెట్లు కొట్టే పనిలో చేరి, అక్కడే ఇంజనీర్ అయ్యాడు. ఆర్ట్స్ చదువుతున్న నాకు ఈ భాగం చదువుతుంటే కొంచెం గుచ్చుకుంది. ఇష్టమైన పనీ, చేతనయిన పనీ ఒకటే కాకపోవచ్చు అని ఒప్పుకోవడం అంత తేలికేం కాదు.

1947లో ఆయన వెర్మాంట్ రాష్ట్రంలోని స్టోవ్ అనే ఊరికి మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్లాడు. స్కీలంటే మంచు మీద జారడానికి కాళ్లకి కట్టుకునే పొడుగాటి పలకలు. అప్పట్లో వాటిని హికరీ అనే గట్టి చెక్కతో చేసేవాళ్లు. అవి బరువు, పైగా వంపు తిప్పాలంటే మాట వినేవి కావు. హెడ్ పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరికి తప్పు చెక్కదే అన్నాడు. విమానాలు చెక్క వదిలేసి అల్యూమినియంకి మారాయి కదా, స్కీలు ఎందుకు మారకూడదు అన్నది ఆయన ఆలోచన.

1948లో ఉద్యోగం మానేశాడు. పెట్టుబడి పేకాటలో గెలిచి దాచుకున్న ఆరు వేల డాలర్లు. పైనా కిందా పల్చటి అల్యూమినియం రేకులు, మధ్యలో తేనెపట్టులాంటి తేలికైన పొర పెట్టి, ఆరు జతలు చేసి స్టోవ్‌కి పట్టుకెళ్లాడు. అక్కడి శిక్షకులు వాటిని వంచి చూశారు. అవి విరిగిపోయాయి. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆపేసేవాళ్లు. హెడ్ మళ్లీ చేశాడు, మళ్లీ విరిగాయి. మధ్య పొరకి ప్లైవుడ్ పెట్టాడు. గట్టి మంచులో పట్టు కోసం అంచులకి ఉక్కు వేశాడు. అల్యూమినియంకి మంచు అంటుకుంటోందని అడుగున ప్లాస్టిక్ పొర అతికించాడు. ఒక లోపం సరిచేస్తే ఇంకొకటి బయటపడేది. మూడు చలికాలాలు, దాదాపు నలభై నమూనాలు. 1950లో విరగని స్కీ వచ్చింది. దాని మీద ఎంత తేలిగ్గా తిరగగలిగేవాళ్లంటే, జనం దానికి చీటర్ అని ముద్దుపేరు పెట్టారు, అంటే మోసగాడు అని! నేర్పు లేనివాళ్లని కూడా నేర్పరుల్లా చూపిస్తుందని కాబోలు.

ఇక్కడ మంచు గురించి ఒక మాట. మంచంతా ఒకేలా ఉండదు. నలిగి గట్టిపడిన బాట మీద సన్నటి స్కీ చురుగ్గా అంచు మారుతుంది. కొత్తగా కురిసిన, బియ్యప్పిండిలాంటి లోతు మంచులో అదే స్కీ కూరుకుపోతుంది. బురదలో పలక పరిచి నడిస్తే కాలు దిగబడదు, ఇదీ అంతే: బరువు ఎక్కువ చోటు మీద పరుచుకోవాలి. 1960ల్లో హెడ్ కంపెనీ డీప్ పౌడర్ అనే స్కీని ఇలాంటి మంచు కోసమే తెచ్చింది. అది మెత్తగా వంగేది, అందువల్ల ముందు కొన మంచులోకి దూరకుండా పైకి లేచేది. కానీ వెడల్పులో మామూలు వాటికి మరీ దూరం కాదు. నిజంగా వెడల్పాటి స్కీలు 1980ల చివర్లో ఆస్ట్రియాలోని అటామిక్ కంపెనీ నుంచి వచ్చాయి. ఇప్పుడు ఒకరే రెండు మూడు జతలు ఉంచుకుంటున్నారు. గట్టి బాటకి పాదం కింద 80 మిల్లీమీటర్ల లోపు జత, అన్నిటికీ పనికొచ్చే 95 దగ్గర జత ఉన్నవాళ్లు, మూడోది 100 తీసుకుంటే డబ్బు దండగే. 110 దాటితేనే అది రెండోదాని పని కాకుండా తన పని చేస్తుంది.

హెడ్ మొండితనం ఆయన్ని నిలబెట్టింది, అదే ఆయన్ని దెబ్బ కూడా తీసింది. ఫైబర్‌గ్లాస్ స్కీలు వచ్చినా లోహాన్నే పట్టుకు కూర్చున్నాడు. పోటీ వెనకబెట్టింది. 1969లో కంపెనీని ఏఎంఎఫ్ సంస్థకి అమ్మేశాడు.

తర్వాత టెన్నిస్ మొదలుపెట్టాడు. అదీ సరిగ్గా రాలేదు. బంతి మధ్యలో తగలకపోతే బ్యాట్ చేతిలో మెలితిరిగిపోయేది. మళ్లీ పాత పాటే: తప్పు బ్యాట్‌ది! కానీ ఈసారి జవాబు లోహం కాదు, వెడల్పు. వెడల్పు పెంచితే బ్యాట్ మెలితిరగడం తగ్గుతుందని లెక్క కట్టి, ప్రిన్స్ కంపెనీ తరఫున పెద్ద తల బ్యాట్ చేశాడు. 1976లో పేటెంట్ వచ్చింది. చాలామంది నవ్వారు. 1978లో పదహారేళ్ల పామ్ ష్రైవర్ అదే బ్యాట్‌తో యూఎస్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లింది. నవ్వులు ఆగిపోయాయి.

1991లో హెడ్ చనిపోయాడు. నాకు ఆయనలో నచ్చింది మద్దెల ఓడు అనడం కాదు, అది అందరూ అనగలరు. అన్నాక కూర్చుని, ఎక్కడ ఓడో వెతికి, నలభైసార్లు బిగించాడు. మన చేతుల్లో కూడా ఎవరో ఎప్పుడో చేసిపెట్టిన మద్దెలలు చాలానే ఉన్నాయి. రాలేదని తల దించుకునే ముందు, ఒకసారి వాటిని తిప్పి చూద్దాం.