తృణమణిలో ఈగలను చదివిన ఉపాధ్యాయుడు

1850వ సంవత్సరమున ప్రష్యా రాజ్యములో మెసెరిట్సు అను చిన్న పట్టణమునందలి పాఠశాల యొకటి తన వార్షిక నివేదికను ప్రకటించెను. ఆ కాలమున ప్రష్యాలోని ఉన్నత పాఠశాలలు ఏటేట తమ వృత్తాంతమును అచ్చొత్తింపవలెను. దానితోపాటు ఉపాధ్యాయులలో నొకరు శాస్త్రవ్యాస మొకటి వ్రాయవలెను. 1824 నుండి అది ప్రభుత్వపు ఆజ్ఞ. ఆజ్ఞ కాబట్టి వ్రాసినవారును ఉందురు, ఆసక్తితో వ్రాసినవారును ఉందురు. ఆ యేటి వ్యాసము 44 పుటలది. తృణమణియు, అందు చిక్కుకొని నిలిచిన ప్రాణులును దాని విషయము. వ్రాసినవాడు ఆ పాఠశాలాధ్యక్షుడు హెర్మన్ లోవ్. తృణమణిలోని ఈగలను గూర్చి క్రొత్తగా వ్రాయబూనిన శాస్త్రజ్ఞుడు నేటికిని ఆ బడి నివేదికను వెదకి తెచ్చుకొనక తప్పదు.

లోవ్ 1807 జూలై 19వ తేదీన, హాలె నగరమునకు చేరువనున్న వైసెన్‌ఫెల్సులో జన్మించెను. తండ్రి న్యాయశాఖలో ఉద్యోగి. హోదా కలదు గాని కలిమి లేదు. హాలె విశ్వవిద్యాలయమున గణితమును, భాషాశాస్త్రమును, ప్రకృతిశాస్త్రమును అభ్యసించి, కొంతకాల మచ్చటనే బోధించి, 1830లో బెర్లిను చేరి పలు పాఠశాలలలో పాఠములు చెప్పుకొని జీవించెను. 1834లో పోజెను నగరమున, అనగా నేటి పోలెండులోని పోజ్నానులో, స్థిరమైన ఉపాధ్యాయ పదవి లభించినది. ఆ యేడే వివాహము. క్రమముగా ఎనమండుగురు బిడ్డలు. ఈగలు ఆయనకు అన్నము పెట్టిన విద్య గాదు. బడి విడిచిన పిదప మిగిలిన గడియలలో చేసిన పని యది. పోజెను పరిసరముల ఈగలపై ఆయన 1840లో వ్రాసిన పరిశీలన సైతము పాఠశాల నివేదికలోనే వెలువడెను.

ఈగలు, దోమలు, జోరీగలు మొదలగువానికి ఎగురు రెక్కలు రెండే. తక్కిన కీటకములకు వెనుక రెక్కలుండు తావున వీనికి చిన్న గదలవంటి అవయవములుండును. కావున వీనిని ద్విపక్షములందురు. లోవ్‌కు ముందు ఐరోపా ద్విపక్షములను వర్గీకరించిన మైగెన్ కూడ బడిలో ఫ్రెంచి చెప్పి పొట్టపోసికొన్నవాడే యనుట ఇచ్చట స్మరింపదగినది.

ఇక తృణమణి. కోట్ల యేండ్లనాటి వృక్షముల జిగురు గట్టిపడి రాయివలె మారినదే యిది. రుద్దినచో గడ్డిపోచల నాకర్షించును గనుక సంస్కృతమున దాని కా పేరు. గ్రీకులు దానిని ఎలెక్ట్రాన్ అనిరి. విద్యుత్తునకు ఐరోపా భాషలలోని పేరు అందుండియే పుట్టినది. బాల్టిక్ సముద్రతీరమున ఇది విరివిగా దొరకును. ఆ తృణమణి వయస్సు మూడున్నర కోట్ల యేండ్లకు తక్కువ గాదని నేటి భూగర్భశాస్త్రజ్ఞుల నిర్ణయము. అందు చిక్కిన కీటకములలో ఈగల జాతివే అత్యధికము.

డాంజిగు నగరమున బెరెంట్ అను వైద్యుడు ఇట్టి తృణమణి శకలములను జీవితకాలము ప్రోగుచేసెను. వానిలోని మొక్కలను, సాలెపురుగులను, తక్కిన కీటకములను వేరువేరు పండితులకు పంచి, ఒక మహాగ్రంథమును వెలువరింప సంకల్పించెను. ఈగల వంతు లోవ్‌ది. గ్రంథములో తొలి భాగము 1845లో వెలువడినది. బెరెంట్ 1850లో మరణించెను. పిమ్మట మరికొన్ని భాగములు వచ్చినవి గాని, ఈగల భాగము మాత్ర మెన్నడును రాలేదు. మనకు మిగిలినది, ఆ బృహత్కార్యమునకు సంగ్రహమువలె లోవ్ తన పాఠశాల నివేదికలో వ్రాసిన యా 44 పుటలు.

తృణమణిలోని ఈగను వర్ణించుట యెట్టిదో కొంచెము చెప్పవలెను. సూది గ్రుచ్చి యుంచిన ఈగనైన అటునిటు త్రిప్పి చూడవచ్చును. ఇది యట్లు గాదు. జిగురులో ఏ భంగిమలో చిక్కినదో ఆ భంగిమయే శాశ్వతము. శకలమును అరగదీసి, నునుపు చేసి, లోని ప్రాణికి సరిగా ఎదురుగా ఒక కిటికీవంటి తలమును తీయవలెను. ఒక్క రవంత ఎక్కువ అరగినచో కాలో రెక్కయో పోవును. అదియుగాక, బాల్టిక్ తృణమణిలో కీటక దేహము కుళ్ళునప్పుడు పుట్టిన వాయువులవలన పాలవంటి తెల్లని పొర యొక్కొక్కప్పుడు ఒక ప్రక్కను పూర్తిగా కప్పివేయును. ఇన్ని యాటంకముల నడుమ రెక్కలోని యీనె లెచ్చట చీలినవి, మీసమున కణుపు లెన్ని, వీపుపై ముండ్లవంటి రోమములెన్ని యని లెక్కింపవలెను. ఆ లెక్క బ్రతికియున్న జాతులలో దేనితోను సరిపోలనప్పుడు గాని అది క్రొత్త జాతి యనుటకు వీలులేదు. అనగా, ఒక్క చచ్చిన ఈగను వర్ణించుటకు వందల బ్రతికిన ఈగలను ఎరిగియుండవలెను. లోవ్‌కు గల బలమంతయు ఇందే యున్నది.

ఆ వ్యాసమున ఆయన పేరిడిన వానిలో మాక్రోకైలె స్పెక్ట్రమ్ ఒకటి. పొడవైన కాళ్ళు గల దోమవంటి ప్రాణి. దాని రెక్కల యీనెల అమరిక అతిప్రాచీనమైనది. తొమ్మిదేండ్లకు, 1859లో, ఉత్తర అమెరికాలో దొరకిన ప్రొటోప్లాసా అను ప్రాణిని ఓస్టెన్ సాకెన్ అను పండితుడు వర్ణించెను. నేడు ఈ రెండును ఒకే కుటుంబమున చేరినవి. తృణమణిలో మొదట పేరుపొందిన వంశమునకు బ్రతికియున్న బంధువు సముద్రమున కావల కనబడినదన్నమాట.

అయితే ఆ నివేదికలో లోపమును కలదు. చోటు చాలకయో, పెద్ద గ్రంథము రానున్నదను నమ్మకముననో, లోవ్ అనేక ఈగలకు పేర్లు మాత్రమే యిచ్చి, లేదా ఇన్ని జాతులున్నవని సంఖ్య మాత్రమే చెప్పి ముందుకు సాగెను. వర్ణన లేని నామము జంతుశాస్త్ర నియమముల ప్రకారము చెల్లదు. ఆయన కన్నులార చూచి వేరుపరచిన జాతు లెన్నియో ఇట్లు శాస్త్రమునకు దక్కకపోయెను. ఆ పనిని తరువాతివారు మొదటినుండి మరల చేయవలసివచ్చినది. ఇది ఆయన అశ్రద్ధ యని నేననజాలను. వ్రాతప్రతిని నమ్ముకొన్నవానికి అచ్చు దొరకకపోవుట యెట్టిదో విద్యారంగమున నున్నవారికి క్రొత్త గాదు.

1848లో పోజెను ప్రాంత ప్రతినిధిగా ఫ్రాంక్‌ఫర్టులోని జర్మను జాతీయసభలో కూర్చుండుటయు, అంతకు మున్ను ఆసియా మైనరు ప్రాంతమున పర్యటించి ఈగలను సేకరించుటయు ఆయన జీవితములోని తక్కిన విశేషములు. రాజకీయములు ఆయన నట్టే నిలుపుకొనలేదు.

1860లో కోనిగ్స్‌బర్గున జర్మను ప్రకృతిశాస్త్రజ్ఞుల, వైద్యుల మహాసభ జరిగెను. తృణమణి తీరమునకు సమీపమున నున్న యా నగరము నేడు రష్యాలోని కాలినిన్‌గ్రాడ్. అచ్చట లోవ్ చేసిన ఉపన్యాసమే ఆయన చింతనకు శిఖరము. బాల్టిక్ తీరపు తృణమణిలోని ఈగలకు దగ్గర చుట్టములు ఐరోపాలో గాక ఉత్తర అమెరికాలో ఎక్కువగా నున్నవని ఆయన చూపెను. ఆ యుపన్యాసము 1864లో ఇంగ్లీషులోనికి మారి అమెరికా పత్రికలో వెలువడినది. ఉత్తర ఖండములు ఒకప్పుడు భూమార్గములచే కలిసియుండెననియు, పిదప వచ్చిన మంచుయుగములలో ఐరోపాలోని వంశములు పెక్కు నశించి అమెరికాలో నిలిచెననియు నేటి శాస్త్రము చెప్పు సమాధానము. లోవ్‌నాడు ఈ సమాధానము లేదు. ఆయనకున్నది రెక్కల యీనెల సాక్ష్యము మాత్రమే.

అమెరికా ఈగలు మెసెరిట్సులోని ఉపాధ్యాయుని కెట్లు తెలిసినవి? పైన చెప్పిన ఓస్టెన్ సాకెన్ వాషింగ్టనులో రష్యా రాయబార కార్యాలయ ఉద్యోగి. ఆయన సేకరించినవి పెట్టెలలో లోవ్‌కు చేరుచుండెను. లోవ్ 1861 మొదలు 1872 వరకు నూరేసి చొప్పున పది విడతలుగా, ఉత్తర అమెరికా ద్విపక్షములను వేయింటిని లాటినులో వర్ణించెను. ఆ నేలపై ఒక్కనాడును ఆయన కాలు మోపలేదు. అందు 1862లో క్యూబానుండి వచ్చిన యొక చిన్న యీగకు డ్రోసోఫిలా ఆంపెలోఫిలా యని పేరిడెను. మోర్గాన్ తన జన్యుశాస్త్ర ప్రయోగముల తొలి వ్యాసములలో వాడిన నామము అదియే. మైగెన్ 1830లోనే దానిని మెలనోగాస్టర్ అని పిలిచియుండుటచే ఆ పేరే తరువాత నిలిచినది.

లోవ్ స్వభావము మెత్తనిది గాదు. అంతకాలము తోడ్పడిన ఓస్టెన్ సాకెనే తన వార్ధక్యమున వ్రాసికొన్న స్మృతులలో ఆయనను గూర్చి నిష్ఠురముగానే వ్రాసెను. పనిలోని తీక్ష్ణత మనుష్యులపట్లను చూపినవాడు కాబోలు.

1868లో అనారోగ్యమువలన పదవి విడిచి గూబెను పట్టణమున నివసించి, 1879 ఏప్రిల్ 21న హాలెలో మరణించెను. ఆయన అమెరికా ఈగలు హార్వర్డు విశ్వవిద్యాలయపు మ్యూజియమునకు చేరినవి.

ఒక విచిత్రమైన యీగ కథ మాత్రము ఆయన మరణానంతరము చాలకాలము నడచినది. లోవ్ సంగ్రహములోనిదై, 1922లో లండను ప్రకృతిశాస్త్ర మ్యూజియము కొన్న తృణమణి శకలమున ఒక ఈగ కలదు. 1966లో జర్మను పండితుడు విల్లీ హెన్నిగ్ దానిని పరీక్షించి, నేడు మరుగుదొడ్ల యొద్ద తిరుగు ఫానియా స్కాలారిస్ జాతియే యని గుర్తించెను. తృణమణిలోని జాతులన్నియు నశించినవైయుండగా ఇదొక్కటి కోట్ల యేండ్లు మార్పులేక నిలిచినదా యని శాస్త్రజ్ఞు లాశ్చర్యపడిరి. 1993లో మ్యూజియములోని పరిశోధకు డొకడు దానిని సూక్ష్మదర్శినిక్రింద చూచుచుండగా, దీపపు వేడిమికి ఈగ చుట్టును ఒక పగులు కనబడెను. ఎవడో నేర్పరి నిజమైన తృణమణిని రెండుగా కోసి, ఒక సగమును తొలిచి, క్రొత్త యీగ నందుంచి, జిగురుతో మరల అతికించియుండెను. లోవ్ చేతికి అది వచ్చునప్పటికే ఆ పని జరిగియుండవలెను. ఆయన 1850లో వర్ణించిన మాక్రోకైలె స్పెక్ట్రమ్ మాత్రము నేటికిని అదే పేరుతో, నిజమైన తృణమణి ప్రాణిగా శాస్త్రగ్రంథములలో నున్నది.