వినికిడి పోయినా ఆగని స్వరం

మన సంఘంలో వినికిడి తగ్గినవాళ్ళం కొందరం ఉన్నాం. అందుకే ఈ ప్రత్యేక సంచికకు బీథోవెన్ గారి జీవితాన్ని ఎంచుకున్నాను. రిటైరయ్యాక ఆయన పియానో రచనలు వినడం నాకు అలవాటైంది.

ఆయన 1770లో, నేటి జర్మనీలోని బాన్ పట్టణంలో జన్మించారు. తండ్రి ఆస్థాన గాయకుడు, కానీ తాగుడుకు బానిస. ఇంటి బరువు చిన్న వయసులోనే పెద్దకొడుకైన బీథోవెన్ మీద పడింది. 1792లో వియన్నా చేరి, పియానో వాయించడంలో గొప్ప పేరు తెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళు రాకముందే చెవులు మందగించసాగాయి. 1802లో తమ్ముళ్ళ పేర ఒక ఉత్తరం రాశారు. ప్రాణం తీసుకోవాలనిపించినా కళ కోసం ఆగానని దాని సారాంశం. ఆ ఉత్తరం పంపలేదు. ఆయన పోయాక కాగితాల్లో దొరికింది. 1814 తరువాత కచేరీల్లో పియానో వాయించడం దాదాపు మానుకున్నారు. 1818 నుండి వచ్చినవాళ్ళు తమ మాటలు పుస్తకంలో రాసి చూపవలసి వచ్చేది.

అయినా రచన ఆగలేదు. మొత్తం 32 పియానో సొనాటాల్లో చివరి అయిదూ 1816–1822 మధ్య పూర్తిచేసినవే.

మన చెవికి ఈ సంగీతం మొదట కొత్తగా ఉంటుంది. పియానోలో మెట్టు నొక్కితే చిన్న సుత్తి తీగను కొడుతుంది. పుట్టిన స్వరం వెంటనే సన్నగిల్లుతుంది. వీణలోలాగా గమకం పలికించడానికి వీలులేదు. అందుచేత ఆయన అనేక స్వరాలను ఒకేసారి మోగించి, హెచ్చుతగ్గులతో, నిశ్శబ్దాలతో భావం పలికించారు.

1801 నాటి ‘మూన్‌లైట్’ సొనాటాతో మొదలుపెట్టండి. ఆ పేరు ఆయన పెట్టింది కాదు, తరువాత వచ్చింది. మొదటి భాగంలో మూడేసి స్వరాలు అలల్లా సాగుతుంటే, వాటిపైన రాగం మెల్లగా నడుస్తుంది. చివరి భాగం తుఫానే.

తరువాత 1822లో పూర్తయిన 32వ సొనాటా వినండి. రెండే భాగాలు. రెండవదానిలో ఒక చిన్న, నిదానమైన వరుసనే మార్చి మార్చి పెంచుతారు. కృతిలో సంగతులు విన్నవారికి ఈ పద్ధతి పట్టుబడుతుంది. హడావిడి లేకుండా, మెత్తగా ముగుస్తుంది. అప్పటికి ఆయనకు వినికిడి దాదాపు పోయింది. అయినా అందులో ఫిర్యాదు లేదు, ప్రశాంతత ఉందని నాకనిపిస్తుంది. 1827లో, 56వ ఏట కన్నుమూశారు.

మనవడో మనవరాలో ఫోనులో పెట్టి ఇస్తే, ఈ రెండూ ఒకేరోజు వినవలసిందిగా మిత్రులను కోరుతున్నాను. జాలితో కాదు, శ్రద్ధతో వినండి. ఇరవై ఏళ్ళలో ఆయన పోగొట్టుకున్నదేమిటో, సంపాదించుకున్నదేమిటో మీకే తెలుస్తుంది.