ఊరికే ఇచ్చి ఊరూరా అమ్మిన పంతులుగారు

తిరువూరు: మిరప కోతల రోజుల్లో ఈ ప్రాంతంలో పొద్దు గూకే వేళకు కూలిజనం కిరాణా కొట్ల ముందు గుమిగూడుతారు. ఉప్పు, నూనె, అగ్గిపెట్టెలతో పాటు వారు అడిగే వాటిలో ఒక చిన్న సీసా కూడా ఉంటుంది. నడుము పట్టినా, తల బద్దలవుతున్నా, పడిశం పట్టినా ముందుగా చెయ్యి పోయేది దాని మీదకే. పసుపు రంగు మందు, ఘాటైన వాసన. అదే అమృతాంజనం. ఆ మందును తయారుచేసి దేశమంతటా అమ్మిన వ్యక్తి మన పాత కృష్ణాజిల్లా బిడ్డేనన్న సంగతి కొనేవారిలో చాలామందికి తెలియదు. ఆయనే దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

పంతులుగారు 1867 మే 1వ తేదీన పామర్రు దగ్గరి ఎలకుర్రు గ్రామంలో బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, ఎలకుర్రు కృష్ణాజిల్లాలోనే ఉండిపోయింది. అంతకుముందు రెండూ ఒకే జిల్లా. చిన్న చదువులు ఊళ్ళోనూ బందరులోనూ సాగాయి. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరి 1891లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు.

ఆ రోజుల్లో బి.ఏ. ప్యాసైన వాడికి సర్కారు కొలువు నల్లేరు మీద బండి నడక. తాసీల్దారు కావచ్చు, ప్లీడరు కావచ్చు. చదువుకున్న కుర్రవాడు మందుసీసాలు అమ్ముకోవడానికి దిగితే బంధువులు నవ్విపోయే కాలమది. పంతులుగారికి మాత్రం మొదటినుంచీ చూపు వ్యాపారం మీదే ఉంది. మద్రాసులో కొన్నాళ్ళు ప్రయత్నించారు. కలకత్తా వెళ్ళి కొంతకాలం కాగితం వ్యాపారంలో పనిచేశారు. అక్కడినుంచి బొంబాయి చేరి ఒక ఆఫీసులో కుదిరారు. ఒకరి కింద పనిచేయడం ఆయన తత్వానికి సరిపడలేదు. 1893లో, 26 ఏళ్ళ వయసులో, సొంతంగా అమృతాంజనం తయారీ ఆరంభించారు.

పేరులోనే సగం వ్యాపారం

ముందు ఆ పేరు సంగతి చూడండి. అమృతం అంటే పాలసముద్రాన్ని చిలికిన కథ విన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అంజనమంటే కాటుక, లేపనం. పోయిన సొమ్ము ఎక్కడుందో తెలుసుకోవడానికి అంజనం వేయించే అలవాటు పల్లెల్లో ఉండేది గనుక ఆ మాటలో కాస్త మహిమ కూడా ధ్వనిస్తుంది. ఈ రెండు మాటలూ కలిపేసరికి అక్షరం రాని వాడి నోట కూడా పేరు నిలిచిపోయింది. మందు ఇంగ్లీషు దొరలది కాదు, మనదేనన్న నమ్మకం కూడా దానివల్ల కలిగింది. పేరులో అంజనం ఉంది కదా అని కంటి దగ్గర రాసుకున్న వాళ్ళ అవస్థ మాత్రం చెప్పనలవి కాదు!

పేరు పెట్టినంత మాత్రాన సరుకు కదలదు. బొంబాయి మహానగరంలో ఒక తెలుగు యువకుడి సీసాను ఎవరు కొంటారు? అందుకు పంతులుగారు పట్టిన ఉపాయం మిక్కిలి తేలికైనది. సంగీత కచేరీలు జరిగేచోట, నలుగురు చేరే సభల్లో మందును మచ్చుకు ఉచితంగా పంచిపెట్టించారు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. అడగకముందే పెట్టాలని, పెట్టిన తర్వాత వాళ్ళే వచ్చి అడుగుతారని పంతులుగారు గ్రహించారు.

కచేరీనే ఎందుకు ఎంచుకున్నారన్నది ఆలోచించదగ్గ విషయం. గంటల తరబడి జనం మధ్య కూర్చున్నవారికి తలనొప్పి రావడం సహజం. ఆ సమయానికి చేతిలో మందు ఉంటే నుదుటికి రాసుకుంటారు. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం వంటి వాటి గుణమేమంటే రాసిన చోట చల్లగా, ఆపైన వెచ్చగా అనిపించి నొప్పి మీదనుంచి మనసు మళ్ళుతుంది. అంతకన్నా ముఖ్యం వాసన. ఒకరు మూత తీస్తే చుట్టుపక్కల పదిమందికి తెలిసిపోతుంది. అదేమిటని పక్కవాడు అడగక మానడు. మందు తన ప్రకటన తానే చేసుకుంటుందన్న మాట. పైగా కచేరీలకు వచ్చేది కొనుక్కోగల స్తోమత ఉన్నవారు, ఊళ్ళో నలుగురూ మాట వినేవారు.

ఇంకో కలిసివచ్చిన సంగతి పోస్టాఫీసు. మన దేశంలో 1877లో వి.పి. పద్ధతి, 1880లో పోస్టాఫీసుల ద్వారా మనియార్డరు వచ్చాయి. ఊళ్ళో షాపు లేకపోయినా కార్డు ముక్క రాసి పడేస్తే సరుకు ఇంటికి వచ్చేది, డబ్బు పోస్టుమాను చేతికి ఇస్తే సరిపోయేది. దేశంలో పేటెంటు మందుల వ్యాపారం పుంజుకున్నది ఈ ఏర్పాటు వల్లనే. దానితో పాటే మోసమూ పెరిగింది. కలరా మొదలు తేలుకాటు దాకా ఒకే సీసాతో నయం చేస్తామని రాసి జనం సొమ్ము కాజేసినవారు ఆ రోజుల్లో కొల్లలు. మందుల ప్రకటనల్లో మాయమాటలను అరికట్టే చట్టం 1954లో గానీ రాలేదు. అంతవరకు కొనేవాడికి మిగిలింది తన అనుభవమే. అబద్ధం రాసి ఒక సీసా అమ్మవచ్చు, రెండో సీసా అమ్మలేరు. ముందుగా మందు చేతికిచ్చి చూసుకోమన్న వ్యాపారికి, కార్డు రాసి డబ్బు పంపమన్న వ్యాపారికి తేడా ఇక్కడే ఉంది.

సీసా పోషించిన పత్రిక

అమృతాంజనం పంతులుగారిని లక్షాధికారిని చేసింది. అక్కడితో ఆగితే ఈనాడు ఆయన గురించి చెప్పుకోవలసిన పని ఉండేది కాదు. 1907లో సూరత్ కాంగ్రెస్ మహాసభకు వెళ్ళివచ్చిన తర్వాత తెలుగువారికి సొంత పత్రిక ఉండాలన్న పట్టుదల ఆయనకు కలిగింది. కొద్దికాలానికే బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగుదేశానికి వందల మైళ్ళ దూరాన తెలుగు పత్రిక నడపడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. 1910 నుంచి ఉగాదికి ప్రత్యేక సంచికలు తెచ్చారు. పండితుల వ్యాసాలు, పద్యాలు, బొమ్మలతో నిండిన ఆ సంచికలను జనం దాచుకుని మరీ చదివేవారు.

1914 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా మారింది. అదే సంవత్సరం ఆగస్టులో యూరపులో యుద్ధం రావడంతో పల్లెల్లో సైతం పేపరు కోసం ఎదురుచూసే రోజులు వచ్చాయి. రచ్చబండ దగ్గర ఒకరు చదివితే పదిమంది వినేవారు. యుద్ధవార్తతో పాటు అమృతాంజనం పేరూ వారి చెవిన పడేది. పత్రిక సీసాకు ఊరు చూపించింది, సీసా పత్రికకు తిండి పెట్టింది. పత్రికకు వచ్చిన నష్టాలను భరించింది ఈ మందు ఆదాయమే.

ఒకే చేత్తో వార్తలూ సరుకూ అమ్మడం తగునా అని అడిగేవారు ఏ కాలంలోనైనా ఉంటారు. అడగదగ్గ ప్రశ్నే. అయితే తెల్లదొరల పాలనలో, 1910 ప్రెస్సు చట్టం కింద పత్రికల నుంచి ధరావతులు గుంజుతున్న రోజుల్లో, సర్కారు దయమీద గానీ జమీందార్ల చందాల మీద గానీ ఆధారపడకుండా రాయాలంటే ఎక్కడో ఒకచోట సొంత రాబడి ఉండాలి. పంతులుగారికి అది తలనొప్పి మందు రూపంలో దొరికింది. ఆ ధైర్యంతోనే ఆయన 1930 ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకు వెళ్ళారు. జైలులో కూర్చుని భగవద్గీతకు వ్యాఖ్య రాశారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీకి అధ్యక్షులుగానూ పనిచేశారు.

1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. పాత కావ్యాలను, చరిత్ర గ్రంథాలను అచ్చువేయించి తక్కువ ధరకే అందించారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో కన్నుమూయగా, ఆయన తలపెట్టిన విజ్ఞాన సర్వస్వాన్ని తిరిగి వెలికితెచ్చే భారం నెత్తిన వేసుకున్నారు. గ్రంథాలయాలకు, విద్యార్థులకు, సాయం కోరి వచ్చినవారికి లేదనకుండా ఇచ్చారు. విశ్వదాత అని బిరుదు వచ్చింది. మచ్చుకు మందు పంచిన చెయ్యే ఇదంతా పంచిందనుకుంటే ఆశ్చర్యం లేదు గాని, మందు పంచడంలో రాబడి ఆశ ఉంది, దీనిలో లేదు.

ఈ దారిలో నడిచినవారు మరొకరు ఉన్నారు. ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్ళూరు నుంచి పేదరికంలో మద్రాసు చేరిన డాక్టర్ కె.ఎన్. కేసరిగారు స్త్రీల జబ్బులకు లోధ్ర అమ్మి ధనం గడించి 1928లో గృహలక్ష్మి మాసపత్రిక పెట్టారు. మందు ఎవరికి కావాలో పత్రికా వారికే. తెలుగునాట పత్రికల చరిత్ర రాసేవారు మందుసీసాలను వదిలి రాయలేరు.

1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పంతులుగారికి కళాప్రపూర్ణ ఇచ్చింది. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒడంబడిక చేసుకున్నది మద్రాసు మైలాపూరులోని ఆయన ఇంట్లోనే. ఆ ఇంటి పేరు శ్రీబాగ్ గనుక అది శ్రీబాగ్ ఒడంబడిక అయింది. అప్పటికే ఆరోగ్యం క్షీణించిన పంతులుగారు 1938 ఏప్రిల్ 11న, 71వ ఏట కన్నుమూశారు. తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికలను, కంపెనీని నడిపారు. మైలాపూరులో లజ్ ప్రాంతపు పెద్ద పార్కుకు ఈనాటికీ పంతులుగారి పేరే ఉంది.

ఆంధ్రపత్రిక, భారతి రెండూ 1991లో ఆగిపోయాయి. వాటి పాత సంచికలు కావాలంటే పెద్ద గ్రంథాలయాలకు వెళ్ళి అడగాలి. అమృతాంజనం మాత్రం తిరువూరు బజారులో ఏ కొట్లో అడిగినా దొరుకుతుంది.