చిన్న రింగు – గొప్ప పని

వంటగ్యాసు సిలిండరు వాల్వు లోపల నల్లని చిన్న రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. అది చిట్లితే గ్యాసు బయటికి వస్తుంది, ప్రాణాలకే ముప్పు. పంపుల్లో, ట్రాక్టర్లలో, విమానాల్లో, కర్మాగారాల యంత్రాల్లో ఇటువంటి రింగులు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరం 'ఓ' లాగా గుండ్రంగా ఉంటాయి కనుక వీటిని ఓ-రింగులు అంటారు. కదిలే యంత్ర భాగాలలో ఈ రింగు నమ్మకంగా పనిచేసే ఉపాయాన్ని కనిపెట్టినవాడు నీల్స్ క్రిస్టెన్‌సెన్.

క్రిస్టెన్‌సెన్ 1865లో డెన్మార్క్ దేశంలో జన్మించాడు. యంత్రాల పని నేర్చుకొని 1891లో అమెరికా వెళ్ళాడు. ఆ రోజుల్లో నగర వీధుల్లో విద్యుత్తుతో నడిచే ట్రాము బండ్లు కొత్తగా వచ్చాయి. వాటి వేగాన్ని అదుపు చేయటానికి చేతితో బిగించే బ్రేకులు చాలేవి కావు. క్రిస్టెన్‌సెన్ గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులను వాటికి తయారుచేశాడు. వాటిపై తన హక్కు కోసం ఏళ్ళ తరబడి న్యాయస్థానాలలో పోరాడవలసి వచ్చింది.

అయినా ఆయన పరిశోధన మానలేదు. నూనె ఒత్తిడితో నడిచే యంత్రాల్లో సిలిండరు లోపల పిస్టన్ ముందుకూ వెనుకకూ కదులుతుంది. రెండింటి మధ్య సందులోంచి నూనె కారిపోకూడదు. అక్కడ రబ్బరు రింగు బిగుతుగా పెడితే రాపిడికి తెగిపోతుంది. వదులుగా పెడితే నూనె కారుతుంది. ఈ చిక్కు విప్పటానికి క్రిస్టెన్‌సెన్ 1933లో పూనుకున్నాడు. అప్పటికి ఆయనకు అరవై ఏడేళ్ళు దాటాయి.

ఎన్నో కొలతలతో ప్రయత్నించి, రహస్యం రింగులో కాదు, దానిని కూర్చోబెట్టే గాడిలో ఉన్నదని గ్రహించాడు. గాడి వెడల్పు రింగు మందానికి సుమారు ఒకటిన్నర రెట్లు ఉండాలి. లోతు మాత్రం మందం కన్నా కొంచెం తక్కువ ఉండాలి. అప్పుడు రింగు కొద్దిగా నొక్కుకుని ఉంటుంది. నూనె ఒత్తిడి దానిని గాడి అంచుకు నెట్టి సందును మూయిస్తుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ బిగువూ పెరుగుతుంది. పరీక్షలో పిస్టన్‌ను 27 లక్షలకు పైగా సార్లు కదిలించినా చుక్క నూనె కారలేదు.

1937లో పేటెంటుకు దరఖాస్తు చేయగా 1939లో లభించింది. 1940లో అమెరికా సైన్యం ఆ రింగులను విమానంలో అమర్చి పరీక్షించింది. అవి నెగ్గాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వం ఆయనకు 75,000 డాలర్లు చెల్లించి, పేటెంటును అందరూ వాడుకునేలా చేసింది. కోట్లాది రింగులు తయారయ్యాయి. క్రిస్టెన్‌సెన్ 1952లో మరణించాడు. ఆ తరువాత 19 సంవత్సరాలకు, 1971లో, ఆయన వారసులకు మరో లక్ష డాలర్లు దక్కాయి.

మంచి గాడి ఒక్కటే చాలదు. రింగు ఉండే చోటి వేడికీ చలికీ తగిన రబ్బరును ఎంచుకోవాలి. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌకను గడ్డకట్టే చలి ఉన్న ఉదయాన ప్రయోగించారు. చలికి రాకెట్టులోని రబ్బరు రింగులు బిరుసెక్కి సందును వెంటనే మూయలేకపోయాయి. వేడి వాయువులు బయటికి చిమ్మాయి. నౌక ముక్కలై ఏడుగురు వ్యోమగాములు మరణించారు.

చిన్న వస్తువు కదా అని ఏమరుపాటు తగదు. క్రిస్టెన్‌సెన్ ముదిమి వయసులో అంత శ్రమపడింది ఒక గాడి కొలత కోసమే. ఆ కొలతే నేటికీ యంత్రాలను కాపాడుతున్నది.