రామన్ దిగిన కుర్చీ

సి.వి. రామన్ అనగానే మనకి గుర్తొచ్చేవి మూడు: రామన్ ఎఫెక్ట్, 1930 నోబెల్ బహుమతి, ఫిబ్రవరి 28న కాలేజీలో జరిపే సైన్స్ డే. ఆయన డైరెక్టర్ కుర్చీ ఎందుకు దిగాల్సి వచ్చిందో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. ల్యాబ్‌లో తేలని, అచ్చంగా డిపార్ట్‌మెంట్ల మధ్య నడిచిన కథ అది.

1888లో తిరుచిరాపల్లిలో పుట్టినా రామన్ పెరిగింది మన విశాఖపట్నంలో. నాన్నగారు అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్. తర్వాత మద్రాసులో చదువు, కలకత్తాలో ఆర్థిక శాఖ ఉద్యోగం. ఆఫీసుకి ముందూ తర్వాతా ల్యాబ్‌లో కూర్చునేవారు. 1917లో ఆ ఉద్యోగం వదిలేసి ప్రొఫెసర్ అయ్యారు.

1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టర్‌గా వచ్చారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. అప్పటికి అక్కడ ఉన్నవి ప్రధానంగా కెమిస్ట్రీ శాఖలు, ఎలక్ట్రికల్. ఫిజిక్స్ అసలు లేదు. రామన్ దాన్ని మొదలుపెట్టి, తానే దానికి పెద్ద అయ్యారు. చిక్కు ఇక్కడే వచ్చింది. నిధులు పంచే చెయ్యీ, అందుకునే చెయ్యీ ఒకటే అయితే పక్కవాళ్ళు ఊరుకుంటారా? మా వాటా కోసి ఫిజిక్స్‌కి పెడుతున్నారని మిగతా శాఖలు గొడవకి దిగాయి.

అదే సమయంలో హిట్లర్ పాలనలో యూదు ప్రొఫెసర్లు ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నారు. వాళ్ళని ఇక్కడికి రప్పిస్తే మన సైన్స్ ఎక్కడికో వెళ్తుందని రామన్ ఆలోచన. 1935లో మాక్స్ బోర్న్ బెంగళూరు వచ్చి కొన్ని నెలలు పాఠాలు చెప్పారు. ఆయన్ని శాశ్వత ప్రొఫెసర్‌ని చేద్దామని రామన్ ప్రతిపాదించారు. ఫ్యాకల్టీ సమావేశంలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్ ఆస్టన్ లేచి, సొంత దేశం తరిమేసిన రెండో రకం మనిషి మనకెందుకన్నట్టు మాట్లాడారు. బోర్న్ అక్కడే కూర్చుని ఇదంతా విన్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చానని తర్వాత ఆత్మకథలో రాసుకున్నారు. 1936లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ఆయన్ని తీసుకుంది. 1954లో ఆయనకీ నోబెల్ వచ్చింది.

దెబ్బ రామన్‌కి తగలాలని విసిరారు, తగిలింది మాత్రం విద్యార్థులకి. క్వాంటమ్ మెకానిక్స్ కట్టినవాళ్ళలో ఒకరి దగ్గర ఏళ్ళ తరబడి చదువుకునే అవకాశం ఒక్క మీటింగ్‌లో పోయింది.

మరి రామన్ తప్పేం లేదా అంటే, ఉంది. ఆయన చూపిన దారి సరైనదే. కానీ నలుగురినీ కూర్చోబెట్టి ఒప్పించే ఓపిక లేదు. తోచింది వెంటనే జరిగిపోవాలి, అడ్డొస్తే ముఖం మీదే అనేస్తారు. కెమిస్ట్రీ వాళ్ళ భయం పూర్తిగా ఉత్తదీ కాదు. 1936లో సంస్థ పనితీరు చూడ్డానికి ఇర్విన్ కమిటీ వచ్చింది. దాని అధ్యక్షుడు ఇర్విన్ కూడా కెమిస్టే! నివేదిక రామన్ పాలనని తప్పుపట్టింది. 1937లో ఆయన డైరెక్టర్ పదవి వదులుకుని, ఉత్త ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా మిగిలారు.

ఇంకొకరైతే బెంగళూరే వదిలేసేవారేమో. రామన్ మాత్రం అదే క్యాంపస్‌లో, తనని దింపిన వాళ్ళ మధ్యే, 1948 దాకా పాఠాలు చెప్పారు. విక్రమ్ సారాభాయ్ అక్కడే ఆయన దగ్గర కాస్మిక్ కిరణాల మీద పనిచేశారు. ఈ రగడ నడుస్తున్న 1935-36లోనే నాగేంద్రనాథ్‌తో కలిసి, అల్ట్రాసౌండ్ వెళ్తున్న ద్రవంలో కాంతి ఎలా వంగుతుందో లెక్కగట్టారు. లేజర్ ల్యాబుల్లో వాడే అకౌస్టో-ఆప్టిక్ మాడ్యులేటర్ల గురించి చదివితే రామన్-నాథ్ పేరు ఇవాళ్టికీ తగులుతుంది.

రిటైరయ్యాక బెంగళూరులోనే తన పేరిట సొంత సంస్థ పెట్టుకున్నారు. 1970 నవంబరు 21న కన్నుమూస్తే, ఆ ఆవరణలోని తోటలోనే దహనం చేశారు. ఆ సమావేశంలో ఎలక్ట్రికల్ నెగ్గిందని ఇవాళ ఎవరికీ గుర్తులేదు. బోర్న్ వెళ్ళిపోయారన్నది మాత్రం చరిత్రలో ఉండిపోయింది.