ఏడేండ్ల ఎడబాటు

యుద్ధము రణరంగమునందే జరుగునని తలంచుదుము. అయితే దాని గాయములు దూరమందున్న గృహములను సైతము విడువవు. బాబా గురుదిత్ సింగ్ జీవితమే యిందుకు నిదర్శనము.

ఆయన 1860 ప్రాంతమున అమృతసర్ జిల్లా సర్హాలీ గ్రామమున జన్మించెను. మలయాకు వెళ్లి, కాంట్రాక్టు పనులు చేసి ధనము గడించెను. ఆ దినములలో కెనడా ప్రభుత్వము, స్వదేశమునుండి ఎచ్చటను ఆగక నేరుగా వచ్చినవారినే రానిత్తుమని నియమము విధించి, భారతీయులకు తలుపు మూసెను. ఆ నియమము నెదుర్కొనగోరి ఆయన కోమగాట మారు అను జపాను ఓడను అద్దెకు తీసికొనెను. 1914 ఏప్రిల్ 4న అది హాంకాంగును విడిచెను. ఎక్కినవారు మొత్తము 376 మంది. ఆయన చిన్న కుమారుడు, సుమారు ఏడేండ్ల బల్వంత్ సింగ్, తండ్రి వెంట నుండెను.

మే 23న వాంకూవరు చేరిన ఓడను రెండు నెలలు రేవులోనే నిలిపిరి. కొద్దిమందిని మాత్రము దిగనిచ్చి, జూలై 23న దానిని వెనుకకు పంపిరి. వారు సముద్రముపై నుండగనే మహాయుద్ధము మొదలాయెను. విదేశములనుండి వచ్చువారిని నిర్బంధింపవచ్చునని భారత ప్రభుత్వము సెప్టెంబరు 5న ఆర్డినెన్సు జారీచేసెను. సెప్టెంబరు 26న పంజాబు సిపాయిలు ఫ్రాన్సులోని మార్సేల్సు రేవున దిగిరి. ఒక యింటి బిడ్డలు ఆ సామ్రాజ్యము కొరకు ప్రాణమొడ్డబోవుచుండగా, పొరుగింటి బిడ్డలు అదే ప్రభుత్వమునకు అనుమానితులైరి!

సెప్టెంబరు 29న కలకత్తాకు దిగువనున్న బడ్జ్ బడ్జ్ రేవున వారిని దింపి, పంజాబుకు పోవు ప్రత్యేక రైలు ఎక్కుమనిరి. వారు తమ పవిత్ర గ్రంథమును మోసికొని కలకత్తా వైపు నడచిరి. సైనికులు వారిని త్రోవలో అడ్డగించి మరల్చిరి. సాయంకాలము స్టేషను యొద్ద ఘర్షణ రేగి, తుపాకులు ప్రేలెను. ఇంచుమించు ఇరువది మంది ప్రయాణికులు మరణించిరి. గురుదిత్ సింగ్ చీకటిలో తప్పించుకొనెను. కుమారుడు ఆయన వెంట లేడు.

అనేకులు చెరసాల పాలైరి. స్వగ్రామములకు పంపబడినవారు ఊరు దాటకుండ కట్టడి చేయబడిరి. తండ్రి మాత్రము ఏడేండ్లు పేరు మార్చుకొని తిరిగెను. సొంత ఊరుండియు బహిరంగముగ ఆ త్రోవ త్రొక్కలేకపోయెను. ఏడేండ్ల బాలునికి ఏడేండ్లన్న, గడచిన జీవితమంత కాలము గదా!

గాంధీగారి సలహాపై ఆయన 1921 నవంబరులో నన్కానా సాహిబ్‌లో ప్రభుత్వమునకు స్వయముగ లొంగిపోయి, చెర ననుభవించెను. 1952లో ప్రధానమంత్రి నెహ్రూ బడ్జ్ బడ్జ్‌లో మృతుల స్మారకమును ఆవిష్కరించెను. 1954 జూలై 24న ఆయన కన్నుమూసెను. 2016లో కెనడా ప్రధానమంత్రి తమ పార్లమెంటులో క్షమాపణ చెప్పెను.

క్షమాపణ మంచిదే. కాని కుమారుని బాల్యమును తండ్రికి తిరిగి యిచ్చువారెవరు? ప్రియ చదువరీ, యోసేపు కొరకు వగచిన యాకోబును మన మెరుగుదుము. మన వీధిలోను గడపవైపు చూచుచు ఎవరి కొరకో కనిపెట్టుకొనియున్న గృహము ఉండవచ్చును. నేడే ఆ తలుపు తట్టుదము.