బమ్మెర పోతన: ఒంటరితనమెరుగని ఏకాంతము

వార్ధక్యమున దేహబాధకంటె మనుష్యుని అధికముగా క్రుంగదీయునది తనకెవ్వరును లేరను తలంపు. పిల్లలు ఉద్యోగములకై నగరముల కేగుదురు. ఈడువారు ఒక్కరొక్కరుగా గతింతురు. వాకిట అరుగు మిగులును గాని దానిపై కూర్చుండి మాటలాడువారుండరు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పల్లెలలో ఇట్టి ఇండ్లు నేడు కానవచ్చుచున్నవి. ఈ సీమలోనే సుమారు ఐదువందల ఏండ్లకు పూర్వము రాజసభల సందడిని వలదని పల్లెపట్టున జీవించిన భక్తకవి బమ్మెర పోతన. ఏకాంతము వేరు, ఒంటరితనము వేరు అను సత్యము ఆయన చరిత్రమున తేటపడును.

బమ్మెర గ్రామము నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలమున గలదు. శివకవి పాల్కురికి సోమనాథుని పేరునకు మూలమైన పాలకుర్తి దానికి చేరువనే యున్నది. 15వ శతాబ్దమున కేసన, లక్కమాంబ అను పుణ్యదంపతులకు పోతన జన్మించెను. తిప్పన ఆయన అన్న. వారిది శైవాచారసంపన్నమైన కుటుంబము. ఇవటూరి సోమనాథుడు పోతనకు గురువు. తొలినాళ్ల రచనయైన వీరభద్రవిజయము శివమహిమను కీర్తించు కావ్యము.

ఒక చంద్రగ్రహణ సమయమున పోతన గంగాస్నానమాచరించి, ఇసుకతిన్నెపై కూర్చుండి, అరమోడ్పు కన్నులతో మహేశ్వరుని ధ్యానించుచుండెను. అప్పుడు శ్రీరామచంద్రుడు సాక్షాత్కరించి భాగవతమును తెలుగు చేయుమని ఆదేశించెను. ఈ వృత్తాంతమును కవియే తన గ్రంథమున చెప్పికొనెను. శివుని ధ్యానించువానికి రాముడు కనబడుట వింతగా తోచవచ్చును. కాని హరిహరులయందు భేదమెంచని ఆ హృదయమునకు పరాయివాడు లేడు. ఒంటరితనమునకు మొదటి ఔషధమదియే.

గ్రంథమును నరేశ్వరులకు గాక శ్రీరామునకే అంకితము చేయుదునని పోతన నిశ్చయించెను. ఆ నిశ్చయమునకు మూల్యము చెల్లింపవలసి వచ్చెనని పెద్దలు చెప్పుదురు. రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు కృతిని తనకిమ్మని కోరగా కవి నిరాకరించెననియు, కినిసిన రాజు గ్రంథమును భూమిలో పాతిపెట్టించెననియు ఒక ఐతిహ్యము కలదు. రాజాశ్రయములేని కవికి ఆ కాలమున పండితగోష్ఠియు, సన్మానమును, జీవికయు దుర్లభములే. ఆయన హలమునే నమ్ముకొని బ్రతికెనని లోకప్రతీతి. పోతన పొలమనియు, బావియనియు బమ్మెరలో నేటికిని చూపుదురు.

ఈ సందర్భమున కవిసార్వభౌముడు శ్రీనాథుని స్మరింపక తప్పదు. ఆ మహాకవి కొండవీటి రెడ్డిరాజుల కొలువున విద్యాధికారియై వెలసెను. ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకగౌరవము నందెను. కాని ఆశ్రయమిచ్చిన ప్రభువులు ఒకరివెంట నొకరు గతించిరి. కడపటి దినములలో కృష్ణాతీరమున బొడ్డుపల్లెలో భూమిని గుత్తకు తీసికొనగా, పైరు వరదపాలై, 700 టంకముల పన్ను చెల్లింపలేక అవమానముల పాలయ్యెనని ఆయన పేర చెప్పబడు చాటుపద్యములు తెలుపుచున్నవి. ఆయన ప్రతిభకు కొరతలేదు. కాని మనుష్యుడెంత గొప్పవాడైనను, తన చుట్టునున్న సందడి ఇతరుల ప్రాభవముపై నిలిచినపుడు ఆ ప్రాభవముతోడనే అదియు అడగిపోవును.

మరి పోతనకు తోడెవ్వరు? తాను రచించు గ్రంథమున నున్నవారందరును ఆయనకు తోడే. మకరిచేత చిక్కి, తనవారెవ్వరును విడిపింపలేక, దిక్కులేని స్థితిలో మొరపెట్టిన గజేంద్రుడు అందున్నాడు. పేదరికమున చిన్ననాటి చెలికానిని వెదకికొనుచు ద్వారకకేగిన కుచేలుడున్నాడు. మూడవ స్కంధమున దేవహూతి యున్నది. ఆమె తొమ్మండుగురు కుమార్తెలు పెండ్లిండ్లయి వెడలిపోయిరి. భర్త కర్దముడు సన్న్యసించి వనముల కేగెను. మిగిలిన ఒక్క కుమారుడు కపిలుడును తల్లికి తత్త్వముపదేశించి బయలుదేరెను. జ్ఞానము పొందినదయ్యును కన్నతల్లి గనుక ఆమె కొడుకు ఎడబాటునకు తల్లడిల్లెను. పిదప ఆ ఉపదేశమునే అవలంబించి, సరస్వతీతీరమునగల ఆ ఆశ్రమముననే భగవద్ధ్యానమున నిలిచి తరించెను.

కపిలుడు తల్లికి చెప్పిన మాటలలో రెండు వృద్ధులందరును గ్రహింపదగినవి. సంగము బంధహేతువే యైనను, అదియే సజ్జనులతోడనైనచో మోక్షద్వారమగును. సర్వప్రాణులయందునున్న ఈశ్వరుని ఉపేక్షించి ప్రతిమను మాత్రమే పూజించువాని అర్చన నిష్ఫలము. కావున తలుపు మూసికొని జపమాల త్రిప్పుట భక్తికి పరిపూర్తి గాదు. పొరుగింటి ముసలమ్మ క్షేమమరయుటయు పూజయే యగును.

పన్నెండు స్కంధముల తెలుగు భాగవతమున అంతయు పోతన రచనగా నేడు లభించుట లేదు. పంచమస్కంధమును బొప్పరాజు గంగనయు, షష్ఠస్కంధమును ఏర్చూరి సింగనయు, చివరి రెండు స్కంధములను వెలిగందల నారయయు రచించిరి. మూలప్రతి కొంత శిథిలమయ్యెననియు, వీరు దానిని పూరించిరనియు పెద్దలందురు. ఒక్కడు పల్లెలో కూర్చుండి ఆరంభించిన పనికి పలువురు చేయి కలిపిరి. తనకొరకు గాక పదిమందికొరకు చేపట్టిన కార్యము తోడును తానే తెచ్చుకొనును.

అక్షరమెరుగని అవ్వలు సైతము గజేంద్రమోక్షమును, ప్రహ్లాదచరిత్రమును నోటికి నేర్చి మనుమలకు చెప్పిన కాలము తెలుగుపల్లెలకు దూరము గాదు. పద్యమడుగు పసివాడున్న ఇంట ఆ అవ్వకు ప్రొద్దు తెలియలేదు. నేడు మనుమలు దూరమున నుండవచ్చును. వీధిలో మరియొకరి మనుమలుందురు. తనవలెనే పలుకరించువారికై ఎదురుచూచు సమవయస్కులుందురు. సాయంసమయమున వారిని అరుగుమీదికి పిలిచి, భాగవతమున ఒక్క ఘట్టమును చదివి వినిపించినచో చాలును. చూపు మందగించినవారికి మరియొకరు చదువుదురు. చదువురానివారు తాము విన్న కథ చెప్పుదురు. పోతన ఏకాంతమున వ్రాసిన గ్రంథము ఆ విధముగా నలుగురిని కూర్చును.